దిగుడులో పట్టు: బరువు లాగు పికప్పునకు ఎగ్జాస్టు బ్రేకు కావలెనా?

బండి కొనబోవు రైతు దాని ఎక్కుడును గూర్చి యోచించును గాని దిగుడును గూర్చి యోచింపడు. ఎన్ని హార్సుపవరులు, ఎన్ని క్వింటాళ్లు లాగును, లీటరునకు ఎన్ని కిలోమీటర్లు నడచును అని యడుగును. నిండు లోడుతో దిగునపుడు దీనిని దేనితో నిలుపుదునని యడుగువారు మిక్కిలి అరుదు. ఈ మధ్య కోస్గి ప్రాంతపు సభ్యులు కొందరు ఆ ప్రశ్ననే మమ్ము అడిగినందున మాకు సంతోషము కలిగినది. వారు డీజిలు పికప్పులు కొనినారు. వాని వెనుక నీళ్ల ట్యాంకరునో, మందు కొట్టు ట్యాంకునో, జనరేటరు బండినో తగిలించి లాగించుచున్నారు. లారీలకు ఉన్నట్లు తమ బండికిని ఎగ్జాస్టు బ్రేకు పెట్టించినచో మేలగునా, పెట్టించినచో ఎట్టిదానిని ఎంచవలెనని వారి సందేహము.

జవాబు చెప్పుటకు ముందు మాకు జరిగినదానిని దాచక చెప్పవలసియున్నది.

కొన్ని యేండ్ల క్రిందట శివరాత్రికి శ్రీశైలమున అన్నదానము చేయదలచిన గ్రామస్థులతో మేమును బయలుదేరితిమి. పికప్పులో బియ్యము, పప్పు, వంటపాత్రలు. వెనుక రెండు చక్రముల ట్రైలరుపై జనరేటరు. అంతయు కలిసి బరువు సుమారు నాలుగు టన్నులు. ట్రైలరునకు బ్రేకు లేదు. లోడు మీద ఇద్దరు పిల్లలు కూర్చుండిరి. వారిని ఎక్కనిచ్చినవారము మేమే. జడ్చర్ల, అచ్చంపేట, మన్ననూరు దాటి నల్లమల అడవిలో దారి బాగుగనే సాగినది. ఈగలపెంట దాటి కృష్ణ వైపునకు దిగు ఘాటులో చిక్కు వచ్చినది. నడుపువాడు అనుభవశాలియే. కాని మూడవ గేరులో నుంచి, పాదము బ్రేకు మీది నుండి తీయకుండ దిగుచుండెను. కొన్ని మలుపులు గడచునప్పటికి కాలిన వాసన వచ్చెను. మరి రెండు మలుపులకు పెడలు బురదలో కాలు దిగినట్లు మెత్తగా దిగిపోయెను. వెనుక ట్రైలరు తోయుచునే యున్నది. అతడు రెండవ గేరునకు, పిదప మొదటి గేరునకు మార్చి, హ్యాండుబ్రేకు లాగి, బండిని లోయ వైపు పోనీయక కొండ వైపు కాలువలోనికి ఒరయించెను. బండి నిలిచినది. పిల్లలను దింపునపుడు మా చేతులు వణకుచుండెను.

గంటసేపు అచటనే కూర్చుంటిమి. చల్లారిన పిదప పెడలు ఎప్పటివలె గట్టిపడినది. విరిగిన వస్తువు లేదు, కారిన నూనె లేదు. బ్రేకు చెడలేదు, కాగినది. ఈ రెంటికి గల భేదమును తెలిసికొనుటయే మన ప్రశ్నకు మొదటి మెట్టు.

నాలుగు టన్నుల బరువు నూరు మీటర్ల ఎత్తు నుండి నేలకు దిగినపుడు దాని శక్తి ఎచటికి పోవును? నిలుపు చోట వేడిగా మారును. లెక్కకట్టి చూచినచో ఆ వేడి సుమారు పండ్రెండు లీటర్ల నీటిని మరగించుటకు చాలును. అంతయు బ్రేకు మీదనే పడి, డ్రమ్ములు, డిస్కుల ఇనుము నలుబది కిలోలనుకొని, చల్లారుటకు వ్యవధి లేనిచో, ఆ ఇనుము మరి రెండువందల డిగ్రీలు కాగును. ఆ కాక బ్రేకాయిలునకు సోకును. బ్రేకాయిలు గాలిలోని తేమను పీల్చు గుణము గలది. డాట్ 3 రకపుది క్రొత్తగా నున్నపుడు 205 డిగ్రీల వరకు మరగకుండవలెనని నియమము. తేమ పట్టిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవును. డాట్ 4 రకమునకు ఈ హద్దులు 230, 155. నూనె మరగినపుడు గొట్టములో ఆవిరి బుడగలు పుట్టును. నూనె నొక్కిన నొక్కుడుపడదు, ఆవిరి నొక్కుడుపడును. పెడలు మెత్తబడుటకు కారణమిదియే.

కావున దిగుడులో బరువును చక్రముల బ్రేకుతో గాక ఇంజనుతో నిలుపవలెను. ఇచట డీజిలు ఇంజనునకు ఒక లోపమున్నది. పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు వదలినపుడు గాలి వచ్చు దారి మూసికొనును. పిస్టను గాలి కొరకు పెనగులాడును. బండి వెనుకకు పట్టినట్లగును. డీజిలు ఇంజనున సాధారణముగా గాలిదారి తెరచియేయుండును. పిస్టను నొక్కిన గాలియే స్ప్రింగువలె తిరిగి పిస్టనును తోయును. అందుచే డీజిలు బండి వట్టి ఇంజనుతో నిలుచు పట్టు తక్కువ.

ఆ కొరతను తీర్చుటకే ఎగ్జాస్టు బ్రేకు. పొగగొట్టములో, టర్బో దాటిన పిదప, ఒక రేకు తలుపు అమర్చుదురు. పాదము యాక్సిలరేటరు నుండి తీసినపుడు ఆ తలుపు మూసికొనును. పోవుటకు దారి లేని గాలి గొట్టములో నిండి ఒత్తిడి పెరుగును. పిస్టను దానికి ఎదురుగా తోయవలసివచ్చుటచే ఇంజను బిగిసి చక్రములను పట్టును. పుట్టిన వేడి బ్రేకులకు పోక రేడియేటరు నీటిలోను, పొగలోను పోవును. చక్రముల బ్రేకు చల్లగా నుండి అవసరమున కక్కరకు వచ్చును.

దీనికి తోడబుట్టినది మరియొకటి కలదు. దాని కథ మన కథవంటిదే. 1931లో క్లెస్సీ కమిన్స్ అను అమెరికా ఇంజనీరు తన డీజిలు ఇంజను గల లారీలో న్యూయార్కు నుండి లాస్ ఏంజిలిసునకు పోవుచు, కాలిఫోర్నియాలోని కజోన్ కనుమ దిగుచుండగా బ్రేకులు కాగి పట్టు తప్పెను. దారి దిగువ రైలుకట్టపై గూడ్సుబండి దాటుచుండెను. దాని చివరి పెట్టె దాటుటయు, లారీ ఆ కట్టను దాటుటయు ఇంచుమించు ఒక్కసారియే జరిగెనట. ఆ భయమును ఆయన మరువలేదు. పెక్కేండ్ల పిదప, పిస్టను నొక్కిన గాలిని అది తిరిగి తోయకముందే వాల్వు తెరచి విడిచిపెట్టు ఇంజను బ్రేకును కల్పించెను. 1961 నుండి జేకబ్స్ కంపెనీ దానిని తయారుచేసి అమ్మినది. అది పెద్ద లారీలకు తగినది. మన ప్రశ్న ఎగ్జాస్టు బ్రేకును గూర్చినదే గనుక దాని వద్దకే పోవుదము.

పెట్టించదలచినవారు ఈ క్రింది సంగతులను వరుసగా విచారింపవలెను.

మొదటిది, బండి యేనాటిది? 2020 ఏప్రిలు 1 నుండి అమ్మిన బండ్లు బి.ఎస్. 6 నియమమునకు లోబడినవి. వాని పొగగొట్టములో మసిని పట్టు జల్లెడ, ఒత్తిడిని వేడిని కొలుచు సెన్సార్లు, వానిని నడుపు కంప్యూటరు కలవు. దానికి తెలియని తలుపును నడుమ పెట్టినచో లెక్కలు తారుమారై ఇంజను మొరాయించును, గ్యారంటీయు పోవును. ఇట్టి బండికి కంపెనీవారే అమర్చి ఇచ్చినది తప్ప వేరొకటి వలదు. బండిని కంపెనీ నిర్ణయమునకు భిన్నముగా మార్చుటను మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అడ్డగించుచున్నదనియు మరువరాదు.

రెండవది, ఒత్తిడికి హద్దు ఉన్నదా? హద్దు మీరిన ఒత్తిడి స్ప్రింగును జయించి ఎగ్జాస్టు వాల్వును తెరచును. వాల్వు, దాని పీట దెబ్బతినును. మీ ఇంజనునకు ఎంత ఒత్తిడి తగునో ఇంజను చేసినవారే చెప్పవలెను. షెడ్డులో రేకు కోసి వెల్డింగు చేసి ఇచ్చెదమనువారికి ఆ లెక్క తెలియదు. వెల తక్కువయని ఒప్పుకొనకుడు.

మూడవది, తలుపును మూయు బలమెచటిది? లారీలలో బ్రేకుల కొరకు గాలిట్యాంకు ఉండును. తలుపు ఆ గాలితో మూసికొనును. పికప్పులో గాలిట్యాంకు లేదు. బ్రేకు పెడలును తేలిక చేయు వ్యాక్యూము మాత్రమున్నది. ఆ గొట్టమునుండియే చీల్చి ఎగ్జాస్టు బ్రేకునకు ఇచ్చినచో, ఎక్కడైన కారినపుడు పెడలు రాయివలె బరువెక్కును. ఒక బ్రేకును కొని రెండవదానిని పోగొట్టుకొనినట్లగును. కరెంటు మోటారుతో మూసికొనునది గాని, వేరు వ్యాక్యూము ట్యాంకు, వెనుకకు పోనీయని వాల్వు గలది గాని మేలు.

నాలుగవది, అది ఎప్పుడు విడుచును? క్లచ్చి నొక్కినను, యాక్సిలరేటరు త్రొక్కినను తక్షణమే తెరచికొనవలెను. లేనిచో ఇంజను ఆగిపోవును. బండి ఖాళీగా నుండి దారి తడిగా నున్నపుడు కట్టివేయుటకు స్విచ్చి ఉండవలెను. ఎందుకనగా ఈ పట్టు ఇంజను నడుపు చక్రములకే చేరును. వెనుక చక్రములు జారినచో ట్రైలరు ప్రక్కకు తోసి బండిని మడతపెట్టును.

ఇన్నియు సరిపోయినను అది చేయు పని ఎంత? నూరు మీటర్ల నడకకు ఆరు మీటర్లు దిగు దారిలో, నాలుగు టన్నుల బండిని గంటకు ముప్పది కిలోమీటర్లలో నిలిపియుంచుటకు సుమారు ఇరువది హార్సుపవరుల పట్టు కావలెను. పదునైదు కిలోమీటర్లలో దిగినచో పది చాలును. అనగా వేగము సగము చేయుట ఖర్చు లేని బ్రేకు. ఎగ్జాస్టు బ్రేకైనను చిన్న గేరులో, ఇంజను చురుకుగా తిరుగునపుడే బాగుగ పట్టును. గేరు తీసి న్యూట్రలు చేసినచో పూర్తిగా నిరుపయోగము. అది వేగమును అదుపులో నుంచును గాని బండిని ఆపజాలదు. దిగుడులో తోకట్టి వెనుకకు ఒరగు ఎద్దుల పట్టు వంటిది అది. ముకుతాడు వంటిది కాదు.

కోస్గి, మద్దూరు, కొడంగలు చుట్టుప్రక్కల దారులు మిట్టపల్లములే గాని ఘాటులు కావు. తాండూరు, నారాయణపేట మార్కెట్లకు కందులు తీసికొనిపోవువానికి ఎగ్జాస్టు బ్రేకు లేని లోటు లేదు. ఏడాదికొకసారి శ్రీశైలము పోవువాడు దానికి వెచ్చించు రూకలను ముందుగా ట్రైలరు బ్రేకునకు వెచ్చించుట మంచిది. తన బరువును తానే నిలుపుకొను ట్రైలరు ముందు బండిని తోయదు. మా ఘాటు కథలో లోపించినది అదియే. వారము వారము ఘాటు దారిలో నిండు లోడుతో తిరుగువాడు మాత్రము కంపెనీ అమర్చిన ఎగ్జాస్టు బ్రేకు గల, గాలిబ్రేకుల చిన్న లారీని కొనుట ఉత్తమము. పికప్పును లారీ చేయజూచుట కంటె అది చౌక.

ట్రాక్టరు గలవారికిని ఒక మాట. పొలములో మళ్లుటకు ఎడమ కుడి బ్రేకు పెడళ్లను విడివిడిగా వాడుదుము. రోడ్డెక్కునపుడు వానిని గొళ్లెముతో తప్పక కలుపవలెను. కలుపక ఒకదానిని త్రొక్కినచో ట్రాలీ ట్రాక్టరును తిరగదోయును.

కడపట అందరును పాటింపదగినవి: ఏ గేరులో ఎక్కగలరో ఆ గేరులోనే దిగుడు, గేరు దిగుడు మొదలు కాకముందే మార్చుడు. బ్రేకును నొక్కి పట్టి యుంచక, గట్టిగా నొక్కి వేగము తగ్గించి వదలుచుండుడు. బ్రేకాయిలును రెండేండ్లకొకసారి మార్పించుడు. వాసన తగిలినచో అప్పుడే ప్రక్కకు నిలిపి చల్లారనిండు. మరియొక మలుపు చూతమనుకొనకుడు. లోడు మీద మనుష్యులను, అందును పిల్లలను, ఎక్కనీయకుడు. నిదానమే ప్రధానమని పెద్దలు చెప్పినది ఎక్కుడు కంటె దిగుడునకే మిక్కిలి చెల్లును. ఆనాడు మేము నేర్చిన పాఠమునకు వెల చెల్లింపకయే బయటపడితిమి. అందరికి అట్లు జరుగదు.