నాలుక మాట – నెత్తురు లెక్క

అమెరికా నగరాలలో థాయి భోజనశాలలకు వెళ్లే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కావు. కొబ్బరిపాలు, చింతపండు, పచ్చిమిరప ఎరిగిన నాలుకకు ఆ వంటకాలు పరాయివిగా తోచవు. ఇట్టి భోజనశాలలు కొన్ని సాయంవేళ రెండు మూడు గంటలపాటు 'హ్యాపీ అవర్' పేరిట చిరుతిళ్లను, మద్యపానీయాలను తగ్గింపు ధరకు అందిస్తాయి. కరకరలాడే స్ప్రింగ్ రోల్స్, వేరుశనగ పచ్చడితో వచ్చే సాతే, పచ్చి బొప్పాయి కోరుతో చేసే సోం తమ్ – అన్నీ ఊరించేవే. అయితే ఆ బల్ల ముందు కూర్చున్నవారికి నాలుక రెండు విషయాలలో తప్పు కబురు అందిస్తుంది. మిరప విషయంలో లేని ప్రమాదాన్ని ఉన్నదంటుంది. మద్యం విషయంలో ఉన్న ప్రమాదాన్ని దాచిపెడుతుంది. పిల్లలను కారులో ఎక్కించుకొని ఇల్లు చేరవలసిన తల్లిదండ్రులు ఈ భేదాన్ని గ్రహించడం అవసరం.

నిప్పు లేని మంట

మిరప అమెరికా ఖండాల పంట. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల మూలంగా ఆసియాకు చేరి, ఆంధ్రదేశపు వంటయింటిలోను, సయాము దేశపు వంటయింటిలోను స్థిరపడింది. థాయిలాండులో విరివిగా వాడే సన్న మిరప పేరు 'ప్రిక్ ఖీ నూ'. ఆ మాటకు 'ఎలుక పెంటిక మిరప' అని అర్థం. పరిమాణం అల్పం, ఘాటు అధికం.

ఈ ఘాటుకు కారణం క్యాప్సైసిన్ అనే పదార్థం. నాలుకలోని నాడుల కొసలయందు టి.ఆర్.పి.వి.1 అనే గ్రాహకం ఉన్నది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి తగిలినప్పుడు అది మేల్కొని, కాలుతున్నదని మెదడుకు తెలుపుతుంది. క్యాప్సైసిన్ అదే గ్రాహకానికి అంటుకొని, వేడి లేకుండానే ఆ కబురు పంపుతుంది. కనుకనే చెమట పడుతుంది, కన్నీరు కారుతుంది; కాని సాధారణ మోతాదులో తిన్న కారం వలన నాలుక నిజంగా కాలదు. డేవిడ్ జూలియస్ బృందం 1997లో ఈ గ్రాహకాన్ని గుర్తించింది. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్న ఇద్దరిలో ఆయన ఒకరు.

మంటకు విరుగుడు

మంట పుట్టగానే చేయి చల్లని బీరు గ్లాసు వైపు పోవడం సహజం. చల్లదనం ఆ గ్రాహకాన్ని క్షణకాలం శాంతింపజేస్తుంది. కాని క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు. బీరులో అధికభాగం నీరే. అందులోని మద్యమైనా మేలు చేయదు. గ్రాహకం మేల్కొనే ఉష్ణోగ్రతను మద్యం సుమారు 42 డిగ్రీల నుండి 34 డిగ్రీలకు దించుతుందని 2002లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. అనగా 37 డిగ్రీల దేహపు వెచ్చదనమే మంటగా తోచే స్థితి ఏర్పడుతుంది. మంట తగ్గలేదని మరొక గుక్క, ఆపై మరొక గ్లాసు – ఈ విధంగా కారమే తాగుడును తొందరపెడుతుంది.

సరియైన విరుగుడు పాలు, పెరుగు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు క్యాప్సైసిన్‌ను పట్టుకొని నాలుక నుండి తొలగించడానికి తోడ్పడుతుంది. తెలుగువారి భోజనం మజ్జిగతో ముగియడంలోని ఔచిత్యం ఇదే. పెరుగు దొరకని థాయి భోజనశాలలో గడ్డపాలు కలిపిన చల్లని టీ ఆ పని కొంత చేయగలదు. అయితే అందులో కెఫీన్ ఉన్నందున చిన్నపిల్లలకు ఒక గ్లాసు చల్లని పాలే మేలు.

సగం ధర, పూర్తి భారం

కారం కేకలు పెట్టి హెచ్చరిస్తుంది. మద్యం అట్లు చేయదు. కొబ్బరిపాలు, పండ్లరసం, పంచదార కలిపిన పానీయంలో మద్యపు చేదు నాలుకకు తెలియదు. అమెరికా లెక్కలో ఒక ప్రమాణ పానీయమంటే 14 గ్రాముల శుద్ధ మద్యం. 5 శాతం బీరు 355 మిల్లీలీటర్లలో గాని, 40 శాతం మద్యం 44 మిల్లీలీటర్లలో గాని ఉండేది ఇంతే. తియ్యని మిశ్రమ పానీయం ఒక్క గ్లాసులోనే ఇటువంటివి రెండు ఉండవచ్చు.

కాలేయం గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల మద్యాన్ని మాత్రమే విరిచివేయగలదు. 28 గ్రాములకు సుమారు 3 నుండి 4 గంటలు పడుతుంది. ధర సగమైనంత మాత్రాన ఈ కాలం తగ్గదు. కాఫీ, చన్నీటి స్నానం దీనిని త్వరపెట్టవు. దేహంలో నీటి పాలు తక్కువ గనుక, అంతే బరువున్న పురుషునికన్నా స్త్రీ నెత్తురులో మద్యపు సాంద్రత హెచ్చుగా ఉంటుంది.

మద్యం ముఖ్యంగా చిన్నప్రేవులలో నెత్తురులో కలుస్తుంది. కడుపులో ఆహారముంటే అక్కడికి నెమ్మదిగా చేరుతుంది. ఖాళీ కడుపైతే శీఘ్రంగా చేరి, నెత్తురులో హెచ్చు స్థాయికి ఎక్కుతుంది. ఎట్లు తాగినా, చివరి గ్లాసు ప్రభావం పూర్తిగా తెలియడానికి ముందే బిల్లు చెల్లించి లేవడం జరుగుతుంది. బల్ల వద్ద బాగానే ఉన్నవారు దారిలో తూలడానికి కారణమిదే.

త్వరగా, అధికంగా తాగించే ఈ తగ్గింపులను మసాచుసెట్స్ రాష్ట్రం 1984లో నిషేధించింది. వాహనం నడిపేవారి నెత్తురులో మద్యానికి అమెరికా రాష్ట్రాలలో అధికభాగం విధించిన హద్దు 0.08 శాతం. యూటా రాష్ట్రం 2018 డిసెంబరు నుండి దానిని 0.05కు తగ్గించింది. అయితే చూపు, నిర్ణయశక్తి మందగించడం ఈ హద్దులకు ముందే మొదలవుతుంది. అందుచేత కారు నడిపేదెవరో భోజనశాలలో అడుగుపెట్టక మునుపే నిర్ణయించుకొని, ఆ వ్యక్తి మద్యం ముట్టకుండుట ఉత్తమం. ఆ వ్యక్తికి నచ్చినంత కారం తినే స్వేచ్ఛ ఎటూ ఉన్నది.