గలభా... మూడక్షరాల ముప్పు!

గలభా! మూడంటే మూడు అక్షరాలు. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తుంటే అమ్మమ్మలు వాడే మాట. పెళ్లిపందిట్లో రెండువైపుల వాళ్లకీ మాటామాటా పెరిగితే ఊరంతా వాడే మాట. అదే మాట శీర్షికలో పెట్టినందుకు ఓ పత్రిక ప్రధాన సంపాదకుణ్ని పట్టుకురమ్మని నగర పోలీస్ కమిషనర్‌నే పంపింది ఓ చట్టసభ. ఎక్కడో కాదు... ఖైరతాబాద్ నుంచి పంజాగుట్ట చౌరస్తాకు వెళ్లే దారిలో, సోమాజిగూడలో!

ఇప్పుడా దారి మీదుగా మెట్రో రైలు పోతోంది. కింద ట్రాఫిక్‌లో చిక్కుకున్నవాళ్లలో నాలుగు దశాబ్దాల నాటి ఆ ఉద్రిక్తత ఎందరికి గుర్తుంటుంది?

1983 జనవరిలో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అయ్యారు. శాసనసభలో తెలుగుదేశానిది తిరుగులేని బలం. శాసనమండలిలో మాత్రం కాంగ్రెస్‌దే పైచేయి. కింది సభ ఔనంటే పై సభ కాదనేది. అలాంటి రోజుల్లో, మార్చిలో, మండలిలో జరిగిన రభసను మర్నాడు ‘ఈనాడు’ ప్రచురించింది. శీర్షిక... ‘పెద్దల సభలో గలభా’.

పెద్దలకు కోపం వచ్చింది. జరిగింది రాయడం ఒక ఎత్తు, ‘గలభా’ అని వెక్కిరించడం మరో ఎత్తు అన్నారు. ఇది సభను కించపరచడమేనంటూ సభాహక్కుల ఉల్లంఘన కింద విచారణ మొదలైంది. పత్రిక ప్రధాన సంపాదకుడు రామోజీరావు సభ ముందుకొచ్చి నిలబడాలి, మందలింపు వినాలి... అదీ తేల్చిన సంగతి. ఆయన వెళ్లలేదు. సుప్రీంకోర్టుకెళ్లారు. అరెస్టు చేయరాదంటూ కోర్టు ఉత్తర్వులిచ్చింది.

మండలి వెనక్కి తగ్గలేదు. 1984 మార్చి ఆఖరి వారంలో కమిషనర్ విజయరామారావు మండలి ఆదేశంతో ‘ఈనాడు’ కార్యాలయానికి వెళ్లారు. ఒక చేతిలో చట్టసభ ఆజ్ఞ, ఎదుట అత్యున్నత న్యాయస్థానం ఉత్తర్వు. ఏది పాటించినా రెండోదాన్ని ధిక్కరించినట్టే. ఆ పోలీసు అధికారి ఇరకాటం ఊహించండి! కోర్టు ఉత్తర్వు చూసి ఆయన వెనుదిరిగారు. (తర్వాత సీబీఐ డైరెక్టరయ్యి, 1999లో ఇదే ఖైరతాబాద్ నియోజకవర్గం నుంచి గెలిచి మంత్రి కూడా అయ్యారాయన.) వ్యవహారం చట్టసభకూ న్యాయస్థానానికీ మధ్య యుద్ధంగా మారేలా ఉండటంతో ఉభయ సభల్నీ ప్రొరోగ్ చేయించి ఎన్టీఆర్ ప్రభుత్వం అప్పటికి గండం గట్టెక్కించింది. 1985 జూన్ 1న ఏకంగా మండలే రద్దయింది. వివాదమూ దాంతోనే సమసిపోయింది.

అసలు సభకు అంత అధికారం ఎక్కడిది? రాజ్యాంగంలోని 194వ అధికరణం ఇచ్చింది. ఆ హక్కులేమిటో చట్టం చేసుకునేదాకా బ్రిటన్ కామన్స్ సభకున్నవే ఇక్కడా ఉంటాయని మొదట్లో రాసుకున్నారు. దాంతో ఫిర్యాదిదారూ సభే, న్యాయమూర్తీ సభే, శిక్ష వేసేదీ సభే! పత్రికల భావప్రకటన స్వేచ్ఛ మాటేమిటంటే, బీహార్‌లోని ‘సెర్చ్‌లైట్’ పత్రిక కేసులో సుప్రీంకోర్టు 1958లో సభాహక్కులకే పెద్దపీట వేసింది. ఆ ధర్మాసనంలో కాదన్నది ఒకే ఒక్కరు. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. పౌరుడి ప్రాథమిక హక్కును సభాహక్కు మింగేయకూడదన్నది ఆయన పట్టు.

మెజారిటీ మాటే నిలిచింది కాబట్టి కథలు పునరావృతమయ్యాయి. 1987లో ఓ కార్టూన్‌కు ‘ఆనంద వికటన్’ సంపాదకుడు బాలసుబ్రమణియన్‌కు తమిళనాడు శాసనసభ మూడు నెలల జైలు వేసింది. దేశమంతా గగ్గోలు పుట్టాక కొద్దిరోజులకే వదిలారు. 2003లో అదే సభ ‘ది హిందూ’ పాత్రికేయులకు పదిహేను రోజుల జైలు విధిస్తే సుప్రీంకోర్టు ఆపింది.

మన దగ్గర పార్టీలు మారాయి, పద్ధతులూ మారాయి. 2007 ఫిబ్రవరిలో వైఎస్ ప్రభుత్వం 938 నంబరు జీవో తెచ్చింది. నిరాధార వార్తలు రాస్తే కేసులు పెట్టొచ్చన్నది సారాంశం. ఏది నిరాధారమో తేల్చేది మాత్రం సర్కారు వారే! జర్నలిస్టులు రోడ్డెక్కితే పక్కన పెట్టారు. 2019 అక్టోబరులో జగన్ ప్రభుత్వం 2430 జీవోతో ఆ అధికారాన్ని శాఖల కార్యదర్శులకూ పంచింది. ప్రెస్ కౌన్సిల్ తనంతట తానే దీనిపై స్పందించింది.

తెలంగాణలో 2014 జూన్‌లో అయితే జీవో కూడా అక్కర్లేకపోయింది. టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానెళ్లను కేబుల్ ఆపరేటర్లే ఆపేశారు. కొత్త ఎమ్మెల్యేలను టీవీ9 కార్యక్రమం ఎగతాళి చేసిందన్నది కోపం. తెరలు చీకటైంది వారాలు కాదు, నెలలు. సెప్టెంబరులో వరంగల్‌లో మాట్లాడిన ముఖ్యమంత్రి కేసీఆర్, తెలంగాణను అవమానిస్తే పది కిలోమీటర్ల లోతున పాతరేస్తామన్నారు. ఆ ఎగతాళి మోటుగానే ఉందనుకుందాం. మోటు హాస్యానికి జవాబు చెప్పడానికి కోర్టులున్నాయి, రిమోట్‌లో మరో బటనూ ఉంది. తీగ కోస్తే మాత్రం చూడాలనుకున్న లక్షల ఇళ్లకూ శిక్షే.

మళ్లీ ఆ మూడక్షరాల దగ్గరికొస్తే... సభాహక్కులేమిటో చట్టంగా రాయండని 1954లో ఒక ప్రెస్ కమిషన్, 1982లో మరో ప్రెస్ కమిషన్ చెప్పాయి. ఆ చట్టం ఇప్పటికీ రాలేదు. రద్దయిన శాసనమండలి మాత్రం 2007లో తిరిగి వచ్చింది.