ఇంటి దుమ్ములో చేరుతున్న ప్లాస్టిక్ రసాయనాలు

గ్రేటర్ నోయిడాలో 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ నిరోధక ఒడంబడిక సభ్యదేశాల 14వ సదస్సు జరిగింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌కు ప్రపంచం వీడ్కోలు పలకవలసిన సమయం వచ్చిందని ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఆ వేదికపై పిలుపునిచ్చారు. 2021 ఆగస్టులో కేంద్రం నిబంధనలను ప్రకటించింది. స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, చెంచాల వంటి వస్తువులపై 2022 జులై 1 నుంచి నిషేధం అమలులోకి వచ్చింది. రోడ్డు మీద ఎగిరే సంచి, కాలువకు అడ్డుపడిన కప్పు అందరి కంటా పడతాయి గనుక వాటిపై చర్చ సహజమే. అయితే మనం పారవేయకుండా ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచుకొనే ప్లాస్టిక్ సంగతి వేరు. వినైల్ ఫ్లోరింగ్, రెగ్జిన్ సోఫా, కరెంటు తీగల తొడుగు, టీవీ డబ్బా, పరుపులోని ఫోమ్ నెమ్మదిగా విడిచే రసాయనాలు చివరకు చేరేది మంచం కింది దుమ్ములోకే.

ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే పీవీసీ స్వభావం తెలియాలి. ఏమీ కలపని పీవీసీ నీటి గొట్టంలా బిరుసుగా ఉంటుంది. దానిని తీగ తొడుగుగానో, చుట్టచుట్టే షీటుగానో మార్చడానికి థాలేట్లు అనే మెత్తబరచే పదార్థాలను కలుపుతారు. కొన్ని వస్తువుల బరువులో మూడో వంతు దాకా ఇవే ఉండవచ్చు. ఇవి ప్లాస్టిక్ అణువులతో రసాయన బంధం ఏర్పరచుకోవు, వాటి మధ్య ఇమిడి ఉంటాయంతే. బజ్జీలోని నూనె పొట్లం కాగితానికి పట్టినట్లు, ఇవి క్రమంగా పైకి వచ్చి గాలిలో కలుస్తాయి, తాకిన దుమ్ముకు అంటుకుంటాయి. కొత్త ఫర్నిచర్ వాసన కొన్ని వారాలకు పోతుంది కనుక ప్రమాదం తొలగిందని చాలామంది భావిస్తారు. ఆ వాసన ఎక్కువగా త్వరగా ఆవిరయ్యే ద్రావకాలది. నెమ్మదిగా వెలువడే థాలేట్లకు చెప్పుకోదగ్గ వాసన ఉండదు, వాటి విడుదల ఏళ్ల తరబడి సాగుతుంది.

రెండో వర్గం మంటలను నిరోధించే రసాయనాలు. టీవీ, కంప్యూటర్ డబ్బాలలో, ఫోమ్‌లో బ్రోమిన్ ఆధారిత పీబీడీఈలను విస్తారంగా వాడారు. వీటిలో పెంటా, ఆక్టా రకాలను 2009లోనూ, డెకా రకాన్ని 2017లోనూ స్టాక్‌హోం ఒడంబడిక నిషేధ జాబితాలో చేర్చింది. భారతదేశం 2018లో తెచ్చిన నిబంధనల ద్వారా ఏడు దీర్ఘకాలిక కాలుష్యకారకాలను నిషేధించింది. వాటిలో కొన్ని పీబీడీఈలు ఉన్నాయి. కానీ నిషేధం కొత్త ఉత్పత్తిని ఆపుతుందే తప్ప, పదేళ్ల నాటి సోఫాను ఇంట్లోంచి తీసుకుపోదు.

గ్రేటర్ నోయిడా వంటి నగరంలో ఈ విషయానికి అదనపు ప్రాధాన్యం ఉంది. 1991లో ప్రత్యేక ప్రాధికార సంస్థతో మొదలైన ఈ ప్రణాళికా నగరంలో, ముఖ్యంగా పశ్చిమ భాగంలో, బహుళ అంతస్తుల భవనాలు బారులు తీరాయి. నిర్మాణ పనుల మట్టి నిరంతరం లోపలికి వస్తుంది. ఆ రేణువులకూ ఇంటి లోపలి రసాయనాలు అంటుకుంటాయి. వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరే రోజుల్లో తాళం వేసిన గది వేడెక్కినకొద్దీ ప్లాస్టిక్ నుంచి విడుదల పెరుగుతుంది. శీతాకాలంలో పొగమంచు కాలుష్యం ముదిరినప్పుడు కిటికీలు మూసుకోవడం తప్పదు. అప్పుడు బయటి విషం కొంత ఆగుతుంది, లోపలిది మాత్రం బయటకు పోలేదు. ఈ చిక్కుకు పూర్తి పరిష్కారం లేదు. గాలి నాణ్యత సూచీ చూసుకొని, కాస్త మెరుగుపడిన వేళ, సాధారణంగా మధ్యాహ్నం, కొద్దిసేపు కిటికీలు తెరవడం ఒక్కటే ఆచరణసాధ్యమైన మార్గం.

ఎక్కువగా ప్రభావితమయ్యేది పసిపిల్లలు. వారు నేల మీద పాకుతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2011 అంచనా ప్రకారం ఏడాది నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు రోజుకు సగటున 60 మిల్లీగ్రాముల ఇంటి దుమ్ము మింగుతారు. పెద్దల విషయంలో అది 30 మిల్లీగ్రాములు. పిల్లల శరీర బరువును లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా అనేక రెట్లవుతుంది. కొన్ని థాలేట్లు హార్మోన్ల పనితీరుకు అడ్డుపడతాయి. డీఈహెచ్‌పీ అనే రకాన్ని ఐరోపా సమాఖ్య పునరుత్పత్తికి హానికరమైనదిగా వర్గీకరించింది. స్వీడన్‌లో సుమారు 400 మంది పిల్లల ఇళ్ల దుమ్మును పరీక్షించిన పరిశోధకులు, ఈ రసాయనం ఎక్కువగా ఉన్న ఇళ్లకూ పిల్లల ఉబ్బసానికీ సంబంధం కనిపించిందని 2004లో వెల్లడించారు. సంబంధం కనిపించడం వేరు, కారణమని నిరూపించడం వేరు. అలాగని ఆ ఫలితాన్ని కొట్టిపారేయడమూ సరికాదు.

మన దేశంలో 2009 నాటి జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాలు 12 కాలుష్యకారకాలకు పరిమితులు విధించాయి. వాటిలో థాలేట్లు గానీ పీబీడీఈలు గానీ లేవు. ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. ఆ ప్రమాణాల్లో థాలేట్ల పరిమితి కూడా ఉంది. ఇది మేలైన చర్య. అయితే ఆ బొమ్మను పెట్టుకొని పాప కూర్చున్న ప్లాస్టిక్ చాప ఆ ప్రమాణం కిందికి రాదు.

ఇంట్లో చేయగలిగినవి ఖర్చుతో కూడినవి కావు. పొడి చీపురు సన్నని దుమ్మును గాలిలోకి లేపుతుంది, తడిగుడ్డ దానిని పట్టుకుంటుంది. పిల్లలు తిరిగే గదిలో ముందుగా తడిగుడ్డ పెట్టడం, మంచాల కింద, టీవీ వెనుక వారానికోసారి తుడవడం, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించడం ప్రధానం. తరచూ చేతులు కడుక్కోవడం, ఇల్లు శుభ్రపరచడం వల్ల ఒకటి రెండు వారాల్లోనే మంటల నిరోధకాల మోతాదు తగ్గినట్లు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తెలిపారు. చిరిగి ఫోమ్ బయటపడిన సోఫాకు, పరుపుకు మందపాటి గుడ్డ కుట్టించాలి. అది కుదరకపోతే ఆ వస్తువును ముందుగా తొలగించాలి. పాత తీగలను, రెగ్జిన్ ముక్కలను ఎట్టి పరిస్థితుల్లోనూ కాల్చకూడదు.

రోజుకు నాలుగైదు ఫ్లాట్లు ఊడ్చే పనివారు ఈ దుమ్మును ఇంటివారికన్నా ఎక్కువసేపు పీలుస్తారు. పొడి చీపురుతో త్వరగా పని ముగుస్తుంది, తడిగుడ్డకు సమయం పడుతుంది. వారికి ఆ పావుగంట అదనంగా ఇవ్వడం, ఒక మాస్కు అందించడం ఇంటి యజమాని చేతిలోని పని.