చంటిపిల్లల బండికి పెద్ద చక్రాలు ఎందుకు?

బాపట్ల జిల్లాలో చీరాలను ఆనుకుని ఉన్న పేరాలది సముద్రతీరపు ఇసుక నేల. అక్కడ చంటిబిడ్డను తిప్పే స్ట్రోలర్ కొనేటప్పుడు ముందుగా చూడాల్సింది చక్రాలనే. సన్నని చిన్న చక్రం నేలను తాకే చోటు తక్కువ. బరువంతా ఆ కాస్త చోటే పడి చక్రం ఇసుకలో కూరుకుపోతుంది. వెడల్పాటి పెద్ద చక్రం అదే బరువును ఎక్కువ చోటికి పంచుతుంది, గతుకులనూ సులువుగా దాటుతుంది. సిమెంటు రోడ్డు మీదే తిప్పేవారికి చిన్న చక్రాలు చాలు. అలాంటి బండిని మడిచి ఆటోలోనో రైల్లోనో పెట్టుకోవడం తేలిక.

పుట్టిన బిడ్డకు మెడ నిలవదు. కూర్చోబెడితే తల ముందుకు వాలి ఊపిరాడటం కష్టమవుతుంది. అందుకే సుమారు 6 నెలలు వచ్చేదాకా వెల్లకిలా పడుకోబెట్టే వీలున్న బండే కావాలి. భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, ఇలా 5 పట్టీలున్న బెల్టు బిడ్డను జారిపోకుండా పట్టి ఉంచుతుంది. బ్రేకు వేసి బండిని తోసి చూడాలి. చక్రం తిరిగితే అది కొనదగ్గది కాదు.

నీడ కోసమని బండి మీద దుప్పటి కప్పడం ప్రమాదం. గాలి ఆడక లోపల వేడి పెరిగిపోతుంది. గాలి దూరే జాలీ ఉన్న గూడు మేలు. మధ్యాహ్నపు ఎండలో మాత్రం ఎంత మంచి బండి ఉన్నా బిడ్డను బయటికి తీసుకెళ్లకూడదు.