కాలువ పనికి పంచాయతీకి వచ్చే డబ్బు: గ్రామసభలో ఏం అడగాలి?

స్నానాలు చేసిన, గిన్నెలు, బట్టలు కడిగిన నీళ్లు సైడు కాలువలోకి వదులుతాం. వానొస్తే ఆ మురుగంతా వాననీటితో కలిసి చెరువులోకో, బోరు పక్క గుంటలోకో చేరుతుంది. దీన్ని చూసుకోవాల్సింది గ్రామ పంచాయతీ. "నిధులు లేవండీ" అంటే అక్కడితో ఊరుకోకండి.

స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో మురుగునీటి పనులకు 5,000 వరకు జనాభా ఉన్న ఊరికి మనిషికి రూ.280 వరకు, అంతకు మించితే రూ.660 వరకు లెక్కగట్టారు. ఇందులో 70 శాతం మిషన్‌ది. మిగతా 30 శాతం పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టాలి. మీ ఊళ్లో 3,000 మంది ఉన్నారనుకోండి. మొత్తం రూ.8,40,000 వరకు, అందులో పంచాయతీ వాటా రూ.2,52,000. గ్రామసభలో ముందు ఈ వాటా గురించే అడగండి. 2021-26 కాలానికి ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికే వాడాలని, వేరే పనికి మళ్లించకూడదని నిబంధన పెట్టారు. ఖర్చుల వివరాలు ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో ఫోన్లోనే చూడొచ్చు.

ఇంటి దగ్గర జాగా ఉంటే ఇంకుడు గుంత పెట్టుకోండి, కాలువకు పోయే నీరు తగ్గుతుంది. మరుగుదొడ్డి ట్యాంకు పైపు మాత్రం ఆ గుంతలోకీ, కాలువలోకీ కలపొద్దు.