పురుగులు పేగుల్లో, దగ్గు ఎందుకు?

మైపాడు వంటి తీరగ్రామాల్లో సరుగుడు తోటల నీడన తడి ఇసుకలో బహిర్భూమికి వెళ్లే అలవాటు ఉంటే, అక్కడ కొంకిపురుగు లార్వాలు పెరుగుతాయి. అవి వట్టి కాళ్ల చర్మంలోకి దూరుతాయి, దురద పుడుతుంది. తరువాత రక్తంద్వారా ఊపిరితిత్తులకు చేరి, గొంతులోకి పాకి, మింగినప్పుడు పేగుల్లోకి దిగుతాయి. ఈ ప్రయాణంలోనే కొందరికి పొడిదగ్గు, పిల్లికూతలు వస్తాయి. అప్పటికి మలపరీక్షలో గుడ్లు కనబడవు, దానికి నెల దాటాలి. రక్తంలో ఇసినోఫిల్ కణాలు మాత్రం పెరుగుతాయి.

ఉబ్బసమేనని మీరే అనుకుని మందులషాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని వేయకండి. ఇదే దారిన వచ్చే స్ట్రాంగిలాయిడిస్ అనే మరో పురుగు ఒంట్లో ఉంటే, స్టెరాయిడ్ వల్ల అది ఒళ్లంతా వ్యాపించి ప్రాణం మీదికి తేవచ్చు. ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో అది పోతుందని నమ్మలేం. పాదాల దురద సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి.