జబ్బు ఒకరిది, ఖర్చు అందరిది

జబ్బు చెప్పి రాదు. కలవారింటికీ వస్తుంది, లేనివారింటికీ వస్తుంది. వైద్యం మాత్రం అలా రాదు. డబ్బున్న ఇంటికి తొందరగా వస్తుంది. లేని ఇంటికి ఆలస్యంగా వస్తుంది. ఒక్కోసారి అసలు రాదు.

మరి వైద్యం ఖర్చు ఎవరు భరించాలి? జబ్బు పడినవాడా? అందరూ కలిసా? ఈ ప్రశ్న మన ఊళ్లోనే కాదు, డబ్బున్న దేశాల్లోనూ ఉంది. కెనడా దేశం దీనికి ఒక జవాబు వెతుక్కుంది. ఆ జవాబు ఊరికే దొరకలేదు. పెద్ద గొడవే జరిగింది. ఆ సంగతి తెలుసుకుందాం.

ఒక పిల్లవాడి కాలు

కెనడా అమెరికాకు ఉత్తరాన ఉంది. చాలా పెద్ద దేశం. చలి ఎక్కువ. వందేళ్ల కిందట అక్కడ కూడా జబ్బు చేస్తే ఎవరి ఖర్చు వాళ్లదే.

టామీ డగ్లస్ అనే పిల్లవాడు 1904లో స్కాట్లండులో పుట్టాడు. తల్లిదండ్రులు బతుకుతెరువు కోసం కెనడా వచ్చారు. పిల్లవాడి మోకాలికి అంతకు ముందే దెబ్బ తగిలింది. ఎముకకు చీము పట్టింది. కాలు తీసెయ్యాలన్నారు డాక్టర్లు. పెద్ద డాక్టరుకు చూపించే స్తోమత ఇంట్లో లేదు.

అప్పుడు ఒక సర్జను ముందుకొచ్చాడు. డాక్టరు చదువు చదివే కుర్రాళ్లు దగ్గరుండి చూడడానికి ఒప్పుకుంటే, డబ్బు తీసుకోకుండా వైద్యం చేస్తానన్నాడు. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. కాలు నిలిచింది.

టామీ పెద్దవాడయ్యాక కూడా ఈ సంగతి మరిచిపోలేదు. ఆ సర్జను కంట పడకపోతే తన కాలు పోయేదే కదా! పిల్లవాడికి కాలు ఉండాలా, పోవాలా అనేది అదృష్టం తేల్చకూడదు అనుకున్నాడు. ఆయనే 1944లో సస్కాచువాన్ అనే రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యాడు.

ఒకే ఖజానా

సస్కాచువాన్ గోధుమ పండించే రాష్ట్రం. అక్కడి రైతులకు ముందునుంచీ ఒక అలవాటు ఉంది. కొన్ని ఊళ్లు కలిసి పన్ను వేసుకునేవి. ఆ డబ్బుతో డాక్టరుకు జీతమిచ్చి పెట్టుకునేవి. డగ్లస్ ఆ అలవాటునే రాష్ట్రమంతటికీ పెంచాడు. 1947లో ఆస్పత్రి బీమా పెట్టాడు. జనం ఏటా కొంత కట్టారు. ఆస్పత్రిలో చేరితే ఖర్చు ప్రభుత్వమే కట్టింది.

పొదుపు సంఘం మీకు తెలుసు. అందరూ తలా కొంత వేస్తారు. అవసరమైనవాళ్లు అప్పు తీసుకుంటారు, మళ్లీ కడతారు. ఇది కూడా అలాంటిదే. కానీ ఒక తేడా ఉంది. ఇక్కడ జబ్బు పడినవాడు తిరిగి కట్టక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు అందరూ వేస్తారు. జబ్బు పడ్డప్పుడు ఎవరికి కావాలో వాళ్లకు అందుతుంది.

డాక్టర్ల సమ్మె

ఆస్పత్రి ఖర్చు తీరింది. డాక్టరు ఫీజు మిగిలింది. దాన్ని కూడా ప్రభుత్వమే కట్టేలా 1962 జూలై 1న కొత్త పద్ధతి మొదలైంది. అప్పటికి డగ్లస్ ముఖ్యమంత్రిగా లేడు. ఉడ్రో లాయిడ్ ఉన్నాడు.

అదే రోజు డాక్టర్లు సమ్మెకు దిగారు. డబ్బిచ్చేది ప్రభుత్వమైతే వైద్యం ఎలా చెయ్యాలో కూడా ప్రభుత్వమే చెబుతుందని వాళ్ల భయం. జనం రెండుగా చీలిపోయారు. కొందరు డాక్టర్ల వైపు ఊరేగింపు తీశారు. కొందరు ప్రభుత్వం వైపు నిలిచారు. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు. సమ్మె 23 రోజులు నడిచింది.

చివరికి రాజీ కుదిరింది. డాక్టర్లు ప్రభుత్వ నౌకర్లు కానక్కర్లేదు. తమ సొంత దవాఖానా తామే నడుపుకోవచ్చు. రోగిని చూసిన ఫీజుకు డబ్బు మాత్రం ఖజానా నుంచి వస్తుంది. డాక్టర్లు ఎవరికి వారే, డబ్బు కట్టే చెయ్యి మాత్రం ఒక్కటే. ఈ పద్ధతికి అదే ప్రాణం.

ఈ పద్ధతి దేశమంతటికీ నచ్చింది. 1966లో కేంద్ర చట్టం వచ్చింది. 1972 కల్లా అన్ని రాష్ట్రాలూ చేరాయి. అయినా కొందరు డాక్టర్లు రోగి దగ్గర పైన ఇంకొంత వసూలు చేసేవారు. 1984 చట్టం దానికి అడ్డుకట్ట వేసింది.

లోటుపాట్లు

అంతా బాగుందా? లేదు. మోకాలి ఆపరేషన్ లాంటి వాటికి నెలల తరబడి వరసలో ఉండాలి. ఈ ఆలస్యం గురించి కోర్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. వరసలో పేరు ఉన్నంత మాత్రాన వైద్యం అందినట్టు కాదని 2005లో అక్కడి సుప్రీంకోర్టు అంది. ఉత్తరాన మారుమూల పల్లెల్లో ఉండే ఆదివాసులు పెద్ద ఆస్పత్రికి విమానంలో పోవాల్సి వస్తుంది. ఆస్పత్రి బయట కొనే మందులు, పళ్ల వైద్యం మొదట్లో ఈ లెక్కలోకి రాలేదు. చక్కెర జబ్బు మందులకైనా డబ్బు కట్టే ఏర్పాటుకు 2024లో చట్టం చేశారు.

పక్కనున్న అమెరికా వేరే దారి పట్టింది. అక్కడ 1965లో చేసిన చట్టంతో 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ బీమా వచ్చింది. పేదలకు వేరే పథకం ఉంది. మిగిలినవాళ్లలో చాలామందికి బీమా ఉద్యోగంతో వస్తుంది. ఉద్యోగం పోతే బీమా కూడా పోయే ప్రమాదం ఉంది. 2023లో కూడా అక్కడ రెండున్నర కోట్ల మందికి పైగా బీమా లేదు. అందరికీ ఒకే ఖజానా కావాలని కొందరు అంటారు. పన్నులు పెరుగుతాయి, వరసలు పెరుగుతాయి అని కొందరు అంటారు. ఆ వాదన ఇంకా తెగలేదు.

మన సంగతి

మన దగ్గర 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదవాళ్ల పెద్ద జబ్బులకు, ఆపరేషన్లకు ప్రభుత్వమే ఆస్పత్రికి డబ్బు కట్టే పద్ధతి అది. కెనడాలో మాత్రం బీదా గొప్పా అందరిదీ ఒకటే ఖజానా, ఒకటే వరస. ఇందులో ఒక కిటుకు ఉంది. పేదవాడు ఒక్కడే నిలబడే వరస ఎంత పొడుగున్నా ఎవరికీ పట్టదు. పెద్దమనిషి కూడా అదే వరసలో నిలబడితే, దాన్ని తగ్గించమని ఆయనా అడుగుతాడు.

కానీ ఒక్క కార్డుతోనే పని కాదు. కార్డు ఉండీ డాక్టరు లేకపోతే ఏం లాభం? డాక్టరు ఉండీ ఆస్పత్రి చేరడానికి బస్సు లేకపోతే ఏం లాభం? డబ్బు కట్టే చెయ్యి కావాలి. దగ్గరలో డాక్టరు కావాలి. వేళకు వైద్యం అందాలి. ఈ మూడూ ఉంటేనే వైద్యం అందరిదీ అవుతుంది.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో జబ్బు కోసం అప్పు చేసినవాళ్లు ఉన్నారా? ఎంత వడ్డీకి తెచ్చారు?
2. కెనడా డాక్టర్ల భయంలో న్యాయం ఉందా? రాజీ ఎలా కుదిరింది?
3. మీ ఊరికి దగ్గరలో డాక్టరు ఎంత దూరంలో ఉన్నారు? రాత్రిపూట అక్కడికి ఎలా వెళతారు?